పాఠం 9: వియోగం, వైరాగ్యం, బాధ్యత – సత్యజిత్ రాయ్ ‘అపూర్ సంసార్’ చిత్ర విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– జీవిత భాగస్వామి వియోగాన్ని ఇతివృత్తంగా తీసుకున్న ఒక చిత్రాన్ని విమర్శ దృష్టితో పరిశీలించగలుగుతారు.
– విప్రలంభానికి, కరుణకు గల భేదాన్ని దృశ్యాల ఆధారంగా వివరించగలుగుతారు.
– వస్తువులు, ధ్వని, మౌనం ద్వారా సినిమా దుఃఖాన్ని ఎలా వ్యక్తం చేస్తుందో గుర్తించగలుగుతారు.
– కథానాయకుని ప్రవర్తనపై అనుకూల, ప్రతికూల వాదాలను తూచి మీ సొంత అభిప్రాయం రాయగలుగుతారు.

9.1 పరిచయం

భార్యనో భర్తనో పోగొట్టుకున్న మనిషి ఎంతకాలం దుఃఖించవచ్చు? ఆచారం దీనికి లెక్క ప్రకారం జవాబు చెబుతుంది. పదోరోజు, పన్నెండోరోజు, నెలనెలా మాసికాలు, ఏడాది తిరిగాక సంవత్సరీకం. ఆ తరువాత బతికి ఉన్నవాళ్లు తమ పనుల్లో పడాలని లోకం ఆశిస్తుంది. మనసు ఈ లెక్కకు లొంగదని మనందరికీ తెలుసు. లొంగని ఆ భాగం గురించే కవులు, దర్శకులు ఎక్కువగా మాట్లాడారు.

ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా ఉంది. దీన్ని మనం అంత తరచుగా వేసుకోము. దుఃఖంలో ఉన్న మనిషికి, తనమీద ఆధారపడి బతికే వారిని కాదనే హక్కు ఉందా? చనిపోయిన వారిపట్ల ప్రేమ ఎంత గాఢమైనదైనా, అది బతికున్న వారిపట్ల చేసే అన్యాయానికి సమాధానం కాగలదా? ఈ పాఠంలో మనం చదవబోయే ‘అపూర్ సంసార్’ ఈ రెండో ప్రశ్నను వేసిన చిత్రం. దీన్ని ప్రేమకథగా చూసి కన్నీరు పెట్టుకునేవారు చాలామంది. అలా చూడడం తప్పు కాదు, కానీ అక్కడితో ఆగితే చిత్రంలో సగమే చూసినట్టు.

9.2 చిత్ర నేపథ్యం

‘అపూర్ సంసార్’ 1959లో విడుదలైన బెంగాలీ చిత్రం. ‘పథేర్ పాంచాలీ’ (1955), ‘అపరాజితో’ (1956) తరువాత వచ్చిన మూడో భాగం. ఈ మూడింటినీ కలిపి అపు చిత్రత్రయం అంటారు. మూడింటికీ మూలం విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ రాసిన ‘పథేర్ పాంచాలీ’, ‘అపరాజితో’ అనే రెండు నవలలు.

రాయ్ మొదట మూడు చిత్రాలు తీయాలని అనుకోలేదు. ‘అపరాజితో’ 1957లో వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందింది. మూడో భాగం ఉంటుందా అని అక్కడ విలేకరులు అడిగిన తరువాతే ఆ ఆలోచన బలపడింది. అపుగా సౌమిత్ర చటర్జీ, అపర్ణగా షర్మిలా టాగూర్ నటించారు. ఇద్దరికీ ఇదే తొలి చిత్రం. షర్మిలకు అప్పటికి పద్నాలుగేళ్ల లోపే. రవిశంకర్ సంగీతం, సుబ్రత మిత్ర ఛాయాగ్రహణం, దులాల్ దత్తా కూర్పు, బన్సీ చంద్రగుప్త కళాదర్శకత్వం అందించారు. ఈ చిత్రానికి ఉత్తమ కథాచిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం లభించింది.

9.3 కథా సంగ్రహం

అపు కలకత్తాలో రైలు పట్టాల పక్కన ఒక మేడమీది గదిలో అద్దెకు ఉంటాడు. చదువు మధ్యలో ఆగింది, ఉద్యోగం లేదు. చేతిలో ఒక పిల్లనగ్రోవి, రాస్తున్న ఒక నవల ఉన్నాయి. స్నేహితుడు పులు తన బంధువుల అమ్మాయి పెళ్లికి ఖుల్నా ప్రాంతానికి తీసుకువెళతాడు. అక్కడ పెళ్లికొడుకుకు మతిస్థిమితం లేదని తేలుతుంది. ముహూర్తం దాటితే ఆ అమ్మాయికి ఇక పెళ్లి కాదనే నమ్మకం ఆ ఇంటివారిది. పులు బతిమాలగా, మొదట మండిపడ్డ అపు చివరికి ఒప్పుకుంటాడు. అలా అపర్ణ అతని భార్య అవుతుంది.

కలకత్తా గదిలో పేదరికం మధ్యనే వారి దాంపత్యం చిగురిస్తుంది. కాన్పుకోసం పుట్టింటికి వెళ్లిన అపర్ణ బిడ్డను కని చనిపోతుంది. అపు కొడుకును చూడడు. గది వదిలేసి దేశం పట్టి తిరుగుతాడు, రాసిన నవలను పారేస్తాడు, చివరకు ఒక బొగ్గుగనిలో పనికి కుదురుతాడు. కొడుకు కాజల్ తాతగారింట్లో పెరుగుతాడు. ఐదేళ్ల తరువాత పులు వచ్చి నిలదీస్తే అపు కొడుకు దగ్గరికి వెళతాడు. పిల్లవాడు అతణ్ణి తండ్రిగా ఒప్పుకోడు. చివరికి స్నేహితుడిగా ఒప్పుకుని అతని వెంట వస్తాడు.

కథ ఇంతే. పరీక్షలో చాలామంది ఇంతవరకే రాసి ఆపుతారు. కథ చెప్పడం విమర్శ కాదని ముందు పాఠాల్లో చదివారు. ఇక్కడి నుంచి అసలు పని మొదలవుతుంది.

9.4 ‘సంసారం’ అనే మాట

చిత్రం పేరును ‘అపు ప్రపంచం’ అని అనువదించడం వాడుకలో ఉంది. తెలుగు పాఠకులకు ఈ అనువాదం అక్కరలేదు. మనకు ‘సంసారం’ అనే మాట సొంతం. కుటుంబం, కాపురం, ఇల్లు నడపడం అన్నీ సంసారమే. పాతతరం వారు భార్యనే సంసారం అనడం కూడా మీరు వినే ఉంటారు. వేదాంతంలో ఇదే మాటకు పుట్టుక, చావుల మధ్య తిరిగే బంధం అని అర్థం. ఒకరు కట్టుకోవాలని చూసేదీ, మరొకరు తెంచుకోవాలని చూసేదీ ఇదే.

చిత్రంలోని మూడు దశలు ఈ మాటలోని మూడు అర్థాలతో సరిపోతాయి. మొదట అపు సంసారం లేని మనిషి. తరువాత సంసారి. భార్య పోయాక సంసారాన్ని బంధంగా భావించి తెంచుకోబోయిన విరాగి. చివర అతడు తిరిగి ఎక్కడికి వస్తాడో దాన్ని ఏ అర్థంలో సంసారం అనాలన్నదే చిత్రం మనకు వదిలిన ప్రశ్న.

9.5 లోటుకు ముందు నిండుదనం

పోయినది ఏమిటో తెలియకపోతే పోయిన బాధ ప్రేక్షకునికి అందదు. అపు, అపర్ణల కాపురానికి రాయ్ కేటాయించినది అరగంటకు మించదు. అయినా సినిమా చూసిన వారికి ఆ భాగమే ఎక్కువ గుర్తుంటుంది. కారణం ఆ భాగంలో పెద్ద సంఘటనలు లేకపోవడం, వస్తువులు ఉండడం.

కొత్తకోడలు గదిలోకి వచ్చిన రోజు అపర్ణ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది. కిటికీకి ఉన్నది చిరిగిన తెర. ఆ చిరుగులోంచి చూస్తే కింద ఒక తల్లి, బిడ్డ కనిపిస్తారు. కొద్దిసేపటి తరువాత అదే కిటికీకి కొత్త తెర, పక్కన మొక్క కనిపిస్తాయి. ఆమె మనసు కుదుటపడిందని ఎవరూ మాటల్లో చెప్పరు, కిటికీ చెబుతుంది. ఉదయాన్నే ఆమె లేవబోతే చీరచెంగు భర్త కట్టుకున్న బట్టకు ముడివేసి ఉంటుంది. ఆమె లేచి వెళ్లాక పరుపు మీద ఒక తలపిన్ను అతని చేతికి దొరుకుతుంది. సిగరెట్టు పెట్టె తెరిస్తే, ఎక్కువ కాల్చవద్దని ఆమె రాసి పెట్టిన చీటీ కనిపిస్తుంది.

ఇవన్నీ చవకైన వస్తువులు. డబ్బున్న ఇంట్లో అయితే వీటిని ఎవరూ గమనించరు. అపు గదిలో ఇవే సంపద. చూసేటప్పుడు ఈ వస్తువుల జాబితా రాసుకోండి. అలంకార శాస్త్రం భాషలో చెప్పాలంటే ఇవి సంయోగంలో శృంగారానికి ఉద్దీపనలు. ఆమె పోయిన మరుక్షణం ఇవే వస్తువులు శోకానికి ఉద్దీపనలుగా మారతాయి. దర్శకుడు కొత్తగా ఏమీ తేనక్కరలేదు, గది అలాగే ఉంటే చాలు.

ఇంకొకటి గమనించండి. వాళ్లిద్దరూ సినిమా చూసి గుర్రపుబండిలో తిరిగి వస్తుంటారు. అపర్ణ పుట్టింటికి వెళ్లే ముందు వాళ్ల మధ్య జరిగే చివరి పొడవైన సంభాషణ అదే. అగ్గిపుల్ల వెలుగులో ఆమె ముఖం చూసి, నీ కళ్లలో ఏముందని అతడు అడుగుతాడు. కాటుక అని ఆమె జవాబిస్తుంది. బెంగాలీలో కాటుకను కాజల్ అంటారు. పుట్టబోయే కొడుకు పేరు కూడా కాజల్. తల్లి కళ్లలో ఉన్నదే కొడుకు పేరుగా మిగిలింది. ఆ పేరుతో తిరుగుతున్న పిల్లవాణ్ణి చూడడానికి తండ్రికి ఐదేళ్లు ఎందుకు పట్టిందో ఈ ఒక్క దృశ్యం నుంచి ఊహించవచ్చు.

9.6 విప్రలంభం నుంచి కరుణకు

విప్రలంభ శృంగారంలోనూ, కరుణలోనూ ఎడబాటు ఉంటుంది. తేడా ఎక్కడ? విప్రలంభంలో మళ్లీ కలుస్తామన్న ఆశ ఉంటుంది, కాబట్టి దానికి స్థాయి రతి. కరుణలో ఆ ఆశ పూర్తిగా తెగిపోతుంది, కాబట్టి దానికి స్థాయి శోకం. పరీక్షకు ఈ నిర్వచనం చాలు. దీన్ని కళ్లతో చూడాలంటే ఈ చిత్రంలోని ఉత్తరం ఘట్టం చూడాలి.

పుట్టింటి నుంచి అపర్ణ రాసిన ఉత్తరాన్ని అపు ఆఫీసులో తెరుస్తాడు. పక్కవారి చూపుల వల్ల పూర్తిగా చదవలేకపోతాడు. జనంతో కిక్కిరిసిన ట్రామ్‌లో మళ్లీ తీస్తాడు. ఇంటికి నడుస్తూ పట్టాల దగ్గర మిగిలినది చదువుతాడు. ఇష్టమైనదాన్ని ఒక్కసారిగా అయిపోనివ్వకుండా దాచుకుని తినే పిల్లవాడిలా ఉంటాడు. ఆమె త్వరలో తిరిగి వస్తుంది, తాను వెళ్లి చూడాలి అన్న ఆశతో ముఖం వెలుగుతూ ఉంటుంది. ఇది పూర్తిగా విప్రలంభం.

మేడ ఎక్కేసరికి అపర్ణ తమ్ముడు నిలబడి ఉంటాడు. అతడు చెప్పవలసిన మాట చెబుతాడు. అపు ఆ కబురు తెచ్చిన కుర్రవాడి ముఖం మీద కొడతాడు.

ఆశ తెగిన క్షణం అదే. రసం మారింది. మారిన తీరు గమనించండి. కన్నీరు లేదు, కేక లేదు, నేపథ్యంలో విషాద గీతం లేదు. కబురు తెచ్చినవాడు కబురుకు బాధ్యుడు కాడు. ఆ సంగతి అపుకు తెలియక కాదు. ఆ దెబ్బలో ఒక అన్యాయం ఉంది, తప్పు చేయని వాడికి అది తగిలింది. తరువాతి ఐదేళ్లలో అతడు కొడుకు పట్ల చేయబోయేదానికి ఇది తొలి రూపం. ఇది కథలో ఒక ఆవేశం మాత్రమే అనుకుని వదిలేయకండి.

9.7 దుఃఖానికి భాష మౌనం

తెలుగు ప్రేక్షకులకు బెంగాలీ విషాద నాయకుడు కొత్త కాదు. శరత్ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య తీసిన ‘దేవదాసు’ (1953) మన ఊహలో విరహానికి ఒక ముఖం ఇచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు ముఖం అది. ఆ చిత్రంలో దుఃఖం పాటగా, మద్యంగా, మాటగా బయటికి వస్తుంది. ప్రేక్షకుడు నాయకునితో కలిసి ఏడుస్తాడు. అది ఒక గొప్ప సంప్రదాయమే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు.

రాయ్ ఎంచుకున్న దారి వేరు. కబురు విన్న తరువాత అపు మంచం మీద కదలకుండా పడి ఉంటాడు. వినిపించేది అలారం గడియారం టిక్ టిక్ మాత్రమే. ఆ శబ్దం ఒక్కసారి ఆగిపోతుంది. అప్పుడు అతడు తల తిప్పి చూస్తాడు. కాలం ఆగిందని చెప్పే ఉపమానం ఇది అని చాలామంది రాస్తారు. ఇంకా దగ్గరి వివరణ ఉంది. ఆ గడియారం రోజూ పొద్దున వాళ్లిద్దరినీ లేపిన గడియారం. దానికి ఎవరైనా తాళం ఇవ్వాలి. ఇచ్చేవారు లేరు. ఉపమానం వరకు వెళ్లకముందే వాస్తవం మనకు తగులుతుంది.

భరతుడు చెప్పిన సాత్త్విక భావాలలో అశ్రువుతో పాటు స్తంభం కూడా ఉంది. శరీరం కదలిక కోల్పోవడం స్తంభం. మన సినిమాలు అశ్రువును విరివిగా వాడుకున్నాయి. స్తంభాన్ని వాడడానికి నటుడికి నిగ్రహం, దర్శకుడికి ఓర్పు కావాలి. సౌమిత్ర చటర్జీ ఆ నిగ్రహాన్ని తన తొలి చిత్రంలోనే చూపారు.

తరువాత అపు అద్దంలో తనను చూసుకుంటాడు. రైలు కూత వినిపిస్తుంది. పట్టాల పక్కన నిలబడి ఉంటాడు. చచ్చిపోవాలనే ఉద్దేశం స్పష్టం. రైలు వచ్చి వెళుతుంది. చనిపోయింది అతడు కాదు, పట్టాల మీదికి వచ్చిన ఒక పంది. ఆ అరుపు వినడానికి చాలా కష్టంగా ఉంటుంది. ప్రేమకోసం చనిపోవడంలో ఏదో అందం ఉందని అనుకునేవారికి రాయ్ ఇచ్చిన జవాబు ఆ అరుపు. చావు ఎలా ఉంటుందో ఆయన ఒక జంతువు గొంతుతో వినిపించి ఊరుకున్నారు.

చిత్రత్రయం మొత్తంలో రైలు పోషించే పాత్రను కూడా ఇక్కడే గుర్తు చేసుకోండి. ‘పథేర్ పాంచాలీ’లో అక్క దుర్గతో కలిసి అపు రెల్లుపొదల మధ్య పరుగెత్తి చూసిన అద్భుతం రైలు. ‘అపరాజితో’లో తల్లికి, చదువుకు మధ్య అతణ్ణి తిప్పిన బండి రైలు. ఇక్కడ అదే రైలు చావుగా వచ్చింది. చివర కొడుక్కు తెచ్చిన ఆటబొమ్మగా మళ్లీ వస్తుంది, పిల్లవాడు దాన్ని విసిరికొడతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
అ) ఉత్తరం ఘట్టంలో విప్రలంభం కరుణగా మారిన క్షణాన్ని ఐదు వాక్యాల్లో వివరించండి.
ఆ) గడియారం ఆగిన దృశ్యానికి పాఠంలో ఇచ్చిన వివరణతో మీరు ఏకీభవిస్తారా? ఎందుకు?

9.8 వైరాగ్యమా? పలాయనమా?

అపు ఇల్లు వదిలి వెళతాడు. సముద్రతీరం, అడవి, కొండలు కనిపిస్తాయి. ఒక ఉదయం కొండ మీద నిలబడి, ఏళ్ల తరబడి రాసిన నవల కాగితాలను లోయలోకి వదిలేస్తాడు. దృశ్యం ఎంతో అందంగా ఉంటుంది. తరగతిలో నేను ఈ చిత్రాన్ని చెప్పిన ప్రతి సంవత్సరం విద్యార్థులు ఇక్కడే రెండుగా చీలేవారు. కొందరికి ఇది పరమ త్యాగం, ఒక కళాకారుని సన్న్యాసం. ఇంకొందరు, ముఖ్యంగా అమ్మాయిలు, ఒకటే మాట అనేవారు: పిల్లవాడి సంగతేమిటి?

ఆ రెండో ప్రశ్న వేసినవారే చిత్రాన్ని సరిగా చదివారని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను.

మొదటిది, మన భాషలోనే ఒక హెచ్చరిక ఉంది. శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని పెద్దలు మూడింటిని కలిపి చెబుతారు. ఆ చోటు దాటగానే తీరిపోయేవి ఇవి. అపు వైరాగ్యం వీటికంటే లోతైనదే, ఐదేళ్లు నిలిచింది. కానీ లోపల ఉన్నది విరక్తి కాదు, కోపం. పులు నిలదీసినప్పుడు అతని నోటి వెంట నిజం వస్తుంది. కాజల్ ఉన్నాడు కాబట్టే అపర్ణ లేదు, అందుకే వాణ్ణి ప్రేమించలేనంటాడు. విరాగికి ఎవరిమీదా కోపం ఉండదు. కోపం ఉన్నంతకాలం బంధం తెగలేదన్నమాట.

రెండోది, మన కావ్య సంప్రదాయంలో భార్యా వియోగానికి ఒక మహత్తరమైన ఉదాహరణ ఉంది. కాళిదాసు ‘రఘువంశం’ ఎనిమిదో సర్గలో ఇందుమతి మరణం, అజుని విలాపం చదివే ఉంటారు. ఆకాశం నుంచి పడిన పూలమాల తగిలి ఇందుమతి చనిపోతుంది. అజుడు రాజన్న సంగతి మరచి విలపిస్తాడు. వసిష్ఠుడు పంపిన ఓదార్పు మాటలు కూడా అతని మనసుకు ఎక్కవు. ఇంతవరకు అపు, అజుడు ఒక్కటే. ఆ తరువాత ఏం జరిగింది? కొడుకు దశరథుడు పసివాడు కావడంతో అజుడు ఎనిమిదేళ్లు బతికాడు. భార్య చిత్రాలు చూసుకుంటూ, కలల్లో క్షణకాలం ఆమెను కలుసుకుంటూ గడిపాడు. కొడుకు రాజ్యం మోయగలిగాకే గంగా సరయూ సంగమంలో ప్రాణం విడిచాడు.

అజుని దుఃఖం అపు దుఃఖంకంటే తక్కువది కాదు. అతడు దానిని జయించనూ లేదు. కానీ దుఃఖాన్నీ బాధ్యతనూ ఒకేసారి మోశాడు. అపు ఒకదానికోసం రెండోదాన్ని దించేశాడు. ఈ పోలిక రాయ్ ఉద్దేశించారని నేను అనడం లేదు. చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఇది మనకు ఉపయోగపడే కొలత.

మూడోది, అపు గతం. చిన్నప్పుడు అక్క దుర్గ, కాశీలో తండ్రి హరిహర్, పల్లెలో తల్లి సర్వజయ. అతని వారందరూ ఒకరి తరువాత ఒకరుగా పోయారు. ప్రతి చావు తరువాత అపు ముందుకే వెళ్లాడు. తల్లి పోయినప్పుడు కూడా కర్మకోసం పల్లెలో ఆగకుండా, కలకత్తాలోనే జరుపుతానని చెప్పి చదువుకు బయలుదేరాడు. అప్పుడు ఆ ప్రయాణం ఎదుగుదల, ఎవరూ తప్పు పట్టరు. ఈసారి కూడా అతడు తనకు అలవాటైన పనే చేశాడు, నడక సాగించాడు. కానీ ఇదివరకు వెనక ఎవరూ మిగలలేదు. ఇప్పుడు ఒక పసివాడు మిగిలాడు. అదే నడక ఈసారి పలాయనం అయింది. పని ఒకటే, దాని అర్థం మారింది. రాయ్ మూడు చిత్రాలు తీయడం వల్ల మనకు దొరికిన అవగాహన ఇది.

నవల పారేయడాన్ని కూడా ఈ వెలుగులో చూడండి. అతడు లోకంలోకి తెచ్చినవి రెండు: ఒక రచన, ఒక కొడుకు. రెండింటినీ వదిలేశాడు. కాగితాలు గాలిలో తేలుతూ పోతుంటే అందంగా ఉంటుంది. పిల్లవాడి సంగతి అలా ఉండదు. అందుకే రాయ్ ఆ అందమైన దృశ్యం దగ్గర చిత్రాన్ని ముగించలేదు.

9.9 కాజల్: దుఃఖానికి రెండో వైపు

కాజల్ మనకు మొదటిసారి ముఖంతో కనిపించడు. ముఖానికి రాక్షసుడి తొడుగు ఉంటుంది. చేతిలో ఉండేలు. ఒక పక్షిని కొడతాడు. అమ్మ లేదు, నాన్న ఎక్కడో ఉన్నాడని విన్నాడు. తాతగారి ఓర్పు తక్కువ. ఊళ్లో వారు అల్లరి పిల్లవాడని అనుకుంటారు.

దుఃఖంలో ఉన్నది అపు ఒక్కడే అని అంతవరకు మనం భావిస్తాం. ఈ తొడుగు తీసిన ముఖాన్ని చూశాక ఆ భావన నిలవదు. అపుకు భార్య జ్ఞాపకాలైనా ఉన్నాయి, ఈ పిల్లవాడికి అవి కూడా లేవు. తల్లి చావువల్ల ఒక లోటు, తండ్రి దుఃఖంవల్ల రెండో లోటు. మొదటిదానికి ఎవరూ బాధ్యులు కారు. రెండోదానికి బాధ్యుడు ఉన్నాడు.

అపు వచ్చి తండ్రినని చెప్పుకుంటే కాజల్ రాయి విసురుతాడు. రైలు బొమ్మ ఇస్తే విసిరికొడతాడు. తాత కర్ర ఎత్తితే అపు దాన్ని పట్టుకుని ఆపుతాడు. ఎవరూ చెప్పకుండా అతడు చేసిన మొదటి తండ్రి పని అదే. పోలిక చూడండి: ఐదేళ్ల క్రితం తప్పు చేయని కుర్రవాడిపై ఎత్తిన చేయి, ఇప్పుడు ఒక పిల్లవాడిపై పడబోయే దెబ్బను ఆపింది.

చివరికి అపు ఓడిపోయి బయలుదేరతాడు. కాజల్ దూరంగా వెంటే వస్తాడు. నన్ను నాన్న దగ్గరికి తీసుకువెళతావా అని అడుగుతాడు. నువ్వెవరు అని అడిగితే స్నేహితుణ్ణని అపు చెబుతాడు. పిల్లవాడు పరుగెత్తి వస్తాడు. అతణ్ణి భుజాల మీద ఎక్కించుకుని అపు నడుస్తుండగా చిత్రం ముగుస్తుంది.

ఇది క్షమాపణ దృశ్యం కాదు. కాజల్ తండ్రిని క్షమించలేదు, ఎదురుగా ఉన్నది తండ్రి అని ఒప్పుకోనూ లేదు. అపు రక్తసంబంధంతో వచ్చే హక్కును వదులుకుని, సంపాదించుకోవలసిన సంబంధాన్ని ఎంచుకున్నాడు. తండ్రిని అన్నంతసేపు రాయి తగిలింది. స్నేహితుణ్ణి అన్నాక నమ్మకం దొరికింది. నిజం చెప్పవలసిన రోజు ముందు ముందు వస్తుంది. అది చిత్రం అవతల ఉంది.

మూల నవల ముగింపు వేరు. అక్కడ అపు కొడుకును తన స్వగ్రామమైన నిశ్చిందిపురంలో అప్పగించి దూరదేశానికి వెళ్లిపోతాడు. నవలలో గెలిచేది నిరంతర ప్రయాణం. రాయ్ ప్రయాణాన్ని ఉంచి, భుజం మీద బరువు పెట్టారు. అనుసరణ అంటే మూలాన్ని యథాతథంగా దించడం కాదని, ఒక నైతిక నిర్ణయమని చెప్పడానికి మీరు ఈ ఉదాహరణను వాడుకోవచ్చు.

9.10 కొన్ని అభ్యంతరాలు

మంచి చిత్రం మీద కూడా అభ్యంతరాలు చెప్పడం విమర్శకుని విధి. మూడింటిని పరిశీలిద్దాం.

ఒకటి: అపర్ణ అభిప్రాయం ఎవరు అడిగారు? తెలియని వ్యక్తితో గంటల్లో పెళ్లి. అపు తటపటాయింపును చిత్రం వివరంగా చూపింది, ఆమెది చూపలేదు. కిటికీ దగ్గర కన్నీరు కొంతవరకు ఆ లోటు తీర్చింది, పూర్తిగా కాదు.

రెండు: ఈ కథను తారుమారు చేసి చూడండి. అపు చనిపోయి అపర్ణ మిగిలితే? స్వాతంత్ర్యానికి ముందటి బెంగాల్‌లో ఆ విధవ సముద్రతీరానికి, కొండలకు వెళ్లి ఐదేళ్లు తిరగగలిగేదా? బిడ్డను వదిలి వెళితే ఆమెను లోకం కళాకారిణి అనేదా? వైధవ్యం ఆమె బట్ట మీద, తిండి మీద, గడప మీద హద్దులు గీసేది. స్వేచ్ఛగా తిరుగుతూ దుఃఖించే అవకాశం ఆనాడు మగవాడికే ఉంది. చిత్రం ఈ మాట నేరుగా అనదు. అయితే కాజల్ పాత్ర ద్వారా ఆ స్వేచ్ఛకు వెల ఎవరు చెల్లించారో చూపింది.

మూడు: ముగింపు మరీ తేలికగా కుదిరిందా? ఐదేళ్ల గాయం ఒక ఉదయంలో మానుతుందా? మానలేదనే నా జవాబు. చివరి దృశ్యంలో ఇద్దరి ముఖాలూ వెలుగుతున్నాయి, నిజమే. కానీ వారి మధ్య ఒక దాచిన మాట ఉంది. ఆ దాపరికం లేకపోతే ఈ ముగింపు తీపిగా మిగిలేది. మీరు దీనితో విభేదించవచ్చు, దృశ్యం నుంచి ఆధారం చూపితే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
అ) అజుడు, అపు దుఃఖాన్ని ఎదుర్కొన్న తీరులో పోలికలు, భేదాలు రాయండి.
ఆ) రెండో అభ్యంతరాన్ని మీ ప్రాంతంలోని ఆచారాల నేపథ్యంలో చర్చించండి.

9.11 సారాంశం

‘అపూర్ సంసార్’ భార్యా వియోగాన్ని పాటలతో, విలాపంతో కాక వస్తువులు, శబ్దం, నిశ్చలత ద్వారా చూపిన చిత్రం. ఉత్తరం ఘట్టంలో విప్రలంభం కరుణగా మారుతుంది. అపు సంచారం పైకి వైరాగ్యంగా కనిపించినా, లోపల కొడుకుపై కోపం ఉంది కాబట్టి అది పలాయనం. చిత్రం అతణ్ణి ఖండించదు, సమర్థించదు. అతడు వదిలేసిన పిల్లవాణ్ణి మన ముందు నిలబెడుతుంది. ముగింపులో దుఃఖం తీరలేదు, దానితో పాటు ఇంకొక బరువును మోయడానికి అతడు ఒప్పుకున్నాడు.

మీలో కొందరు ఇటీవలే ఆత్మీయులను పోగొట్టుకుని ఉండవచ్చు. దూరవిద్యలో చదివేవారిలో ఇంటి బాధ్యతలు మోస్తూ పుస్తకం పట్టినవారే ఎక్కువ. అటువంటివారికి ఈ చిత్రం చూడడం కష్టంగా ఉంటే, ఉత్తరం ఘట్టం దగ్గర ఆపి, మరోరోజు మిగిలినది చూడండి. చివరిదాకా మాత్రం తప్పక చూడండి. సగంలో ఆపితే ఇది అపర్ణ చావు కథ. చివరిదాకా చూస్తే కాజల్ కథ కూడా.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ‘అపూర్ సంసార్’లో కరుణరస పోషణను విభావ, అనుభావాలతో వివరించండి.
2. అపు సంచారం వైరాగ్యమా, పలాయనమా? సహేతుకంగా చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. చిత్రత్రయంలో రైలు పాత్ర.
2. నవల ముగింపుకు, చిత్రం ముగింపుకు గల భేదం.
3. ‘సంసారం’ అనే మాటలోని అర్థచ్ఛాయలు చిత్రానికి అన్వయించే తీరు.

III. అభ్యాసం
తనికెళ్ల భరణి దర్శకత్వంలో వచ్చిన ‘మిథునం’ (2012) చూడండి. వృద్ధ దంపతుల ఎడబాటును ఆ చిత్రం చూపిన తీరును అపు దుఃఖంతో పోల్చి రెండు పుటలు రాయండి. కథ చెప్పడానికి అర పుటకు మించి వాడవద్దు.